ఎర్తు ఒకే చోట

పంక్చర్ అన్న మాట మాకు కొత్త కాదు. సాయిబంటే పంక్చర్లు వేసేవాడేనని న్యూస్‌రూముల్లో కూడా నవ్వుతూ అంటారు. 2025 ఏప్రిల్‌లో హర్యానాలోని హిసార్ సభలో ప్రధానే అన్నారు, వక్ఫ్ ఆస్తుల్ని నిజాయితీగా వాడివుంటే ముస్లిం యువకులకు సైకిల్ పంక్చర్లు వేసుకునే బతుకు ఉండేది కాదని. మా పేదరికం గురించే అన్నారనుకుందాం. 2006లో సచార్ కమిటీ కూడా దాని గురించే రాసింది. కానీ మా చేతుల్లో ఉన్న పని ఎంతటిదో ఎవరు చూశారు? (పంక్చర్ వెయ్యడం తక్కువ పనేం కాదు. నడిరోడ్డు మీద టైరు దిగినప్పుడు మతం ఎవరూ అడగరు.)

మా ఖాలా కొడుకు మలక్‌పేటలో కార్ల వైరింగ్ చేస్తాడు. తొమ్మిదితో చదువాపేశాడు. మొన్న ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు టర్బో పోలో తెచ్చి ఎయిర్-ఫ్యూయల్ గేజ్ బిగించమన్నాడు. ఇంజన్లో మండే గాలికీ పెట్రోలుకీ లెక్క చూపే మీటరది. ఇథనాల్ కలవని పెట్రోలు ఒక పాలుకి తూకంలో 14.7 పాళ్ల గాలి సరిపోతుంది. టర్బో గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టేటప్పుడు పెట్రోలు ఇంకా ఎక్కువ పడాలి, అంకె 12 దగ్గరికి దిగాలి. దిగకుండా అలాగే తొక్కితే పిస్టన్ కరిగిపోతుంది.

పొగ గొట్టానికి టర్బో దాటాక రంధ్రం చేసి, సెన్సర్ పట్టే నట్టు వెల్డింగ్ పెట్టించాడు. అడ్డంగా కాదు, కాస్త పైకి వాలుగా. లేకపోతే గొట్టంలో చేరే నీటి చెమ్మకి సెన్సర్ పగులుతుందట. గేజ్‌కి కరెంటు తాళం తిప్పితేనే వచ్చే వైరు నుంచి, మధ్యలో ఫ్యూజుతో ఇచ్చాడు. ఇంగ్లీషు కాగితం నేను చదివి వినిపిస్తున్నాను. నేను వాక్యం ముగించేలోపు వాడి చెయ్యి ఆ పని ముగిస్తోంది.

ఎర్తు దగ్గర మాత్రం ఆగాడు. బాడీ మీద రంగు గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాడు. గేజ్ ఎర్తూ, అంకెలు రికార్డు చేసే పెట్టె ఎర్తూ ఒకే బోల్టుకి పట్టాడు.

"వేర్వేరు చోట్ల పట్టకూడదా?"

"పట్టొచ్చు భాయిజాన్. అప్పుడు గేజ్‌లో ఒక అంకె, రికార్డులో ఇంకో అంకె. బండి ఒకటే, మండేది ఒకటే. కొలత మాత్రం రెండు."

నాకు మా ఇద్దరి బతుకూ గుర్తొచ్చింది. తెలుగు సభల్లో నన్ను ఉర్దూవాడంటారు, ముషాయిరాల్లో తెలుగువాడంటారు. క్రికెట్ రోజున ఇంకో కొలత. మనిషిని నేనొక్కణ్ణే. ఎవడి ఎర్తు వాడు ఎక్కడ పట్టుకున్నాడో మాత్రం ఎవడూ చెప్పడు.

స్టార్ట్ చేశారు. సెన్సర్ వేడెక్కేదాకా గేజ్ ఏమీ చూపలేదు. తర్వాత అంకె ఊగి ఊగి 14.7 దగ్గర నిలబడింది. కుర్రాడు పొంగిపోయి ఫొటో తీశాడు, గేజ్‌ది. మావాణ్ణి ఫ్రేములోంచి కాస్త జరగమన్నాడు.

బిల్లు అడిగితే మావాడు తెలుగులోనే రాసిచ్చాడు. వాడికి ఉర్దూ చదవడం రాదు. నల్లగొండ జిల్లాలో తెలుగు మీడియం.