పాత కాపీ

నడుస్తున్న కంప్యూటరు కింద నుంచి డిస్కు తీసేసి ఇంకో డిస్కు పెట్టాలి. ఆ సంగతి కంప్యూటరుకు తెలియకూడదు, దాని ముందు కూర్చున్నవాళ్ళకు అసలే తెలియకూడదు. గత చలికాలంలో నేను చేసిన పని ఇదీ. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు ఒక రెండు పేరాలు ఓపిక పట్టండి.

వర్చువల్ మెషీన్ అంటే, ఒక పెద్ద సర్వరు లోపల పదీ ఇరవై కంప్యూటర్లు ఉన్నట్టు నడిపించే ఏర్పాటు. అందులో ఒక్కో కంప్యూటరు తన హార్డ్ డిస్కు అనుకునేది నిజానికి ఒక పెద్ద ఫైలు. ఆ ఫైలు స్టోరేజ్ అరే అనే బీరువాలాంటి పెట్టెలో, బోలెడన్ని డిస్కుల మీద పరుచుకుని ఉంటుంది. బీరువా కూడా ముసలిదవుతుంది. కొన్నేళ్ళకు సపోర్టు ఆగిపోతుంది, విడిభాగాలు దొరకవు. కొత్తది కొని, ఉన్నదంతా అందులోకి సర్దాలి.

ఒకప్పుడు మెషీన్ ఆపేసి, కాపీ చేసి, మళ్ళీ లేపేవాళ్ళు. 2007లో వీఎంవేర్ వాళ్ళు స్టోరేజ్ వీమోషన్ తెచ్చాక ఆపక్కర్లేకుండా పోయింది. 2011లో వచ్చిన వీస్ఫియర్ 5 నుంచి అది పనిచేసే తీరు నాకు భలే ఇష్టం. డిస్కును మొదటి నుంచి చివరిదాకా వరసగా కాపీ చేసుకుంటూ పోతుంది. ఈలోగా ఎవరో ఏదో రాస్తూనే ఉంటారు కదా. వాళ్ళు రాసిన చోటు అప్పటికే కాపీ అయిపోయి ఉంటే రెండు డిస్కుల్లోనూ రాస్తుంది. ఇంకా కాపీ కాకపోతే పాతదాంట్లో మాత్రమే రాస్తుంది, ఎలాగూ కాసేపట్లో అటు వస్తుంది కనక. సరిగ్గా కాపీ అవుతున్న చోటే అయితే, ఆ ముక్క అయ్యేదాకా ఆగమంటుంది. ఇంట్లో మనుషులుండగానే ఒక్కో గదికీ సున్నం వేసుకుంటూ పోయే మేస్త్రీ తెలివి ఇది.

మా క్లయింటు స్కానింగ్ సెంటర్లు నడిపే సంస్థ. ఎక్స్‌రేలు, సీటీలు, ఎమ్మారైలు అన్నీ ఒకే డిస్కులో, 12 టెరాబైట్లు. నేనుండేది హామిల్టన్ ఉత్తరాన రోటోటూనాలో. మావోరీలో రోటో అంటే సరస్సు, టూనా అంటే మలుగుపాము చేప. నాకైతే కనిపించేవి ఇళ్ళే. 2021 మే నెలలో ఇక్కడి వైకాటో జిల్లా ఆసుపత్రుల కంప్యూటర్లు సైబర్ దాడిలో మూతబడి, వారాల తరబడి కాగితాల మీద నడిచాయి. రేడియేషన్ చికిత్స కోసం కొందరు వేరే ఊళ్ళకు వెళ్ళాల్సి వచ్చింది. దానికీ స్టోరేజ్ మార్పిడికీ సంబంధం లేదు కానీ, మెడికల్ కంప్యూటర్లు ఆగడమంటే ఏమిటో ఈ ఊళ్ళో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఒకే బీరువాలో ఈ అర నుంచి ఆ అరకు మార్చాలంటే చాలావాటిల్లో పెట్టె తనే లోపల్లోపల చేసుకుంటుంది. ఒక బీరువా నుంచి ఇంకో బీరువాకంటే ప్రతి బైటూ సర్వరు మీదుగా ప్రయాణం చెయ్యాలి. సెకనుకు 400 మెగాబైట్ల చొప్పున లెక్కేస్తే 8 గంటల 20 నిమిషాలు. జూన్‌లో ఒక శుక్రవారం రాత్రి పదింటికి, హీటరు పక్కన పెట్టుకుని మొదలుపెట్టాను. హైదరాబాదులో అప్పుడు మధ్యాహ్నం మూడున్నర, అక్కడి కుర్రాడొకడు నాతోపాటు గ్రాఫులు చూస్తున్నాడు.

రెండింటికి వేగం 150కి పడిపోయింది.

"అక్కా, గిట్లనే నడిస్తే ఎనిమిదింటికి సెంటర్లు తెరిచేలోపు గాదు. క్యాన్సిల్ కొడ్దామా?"

క్యాన్సిల్ చెయ్యడంలో ప్రమాదం లేదు. కాపీ పూర్తయ్యేదాకా పాతదే అసలుది. కానీ మళ్ళీ ఇలాంటి రాత్రి దొరకడానికి నెల పట్టొచ్చు. "ఆగు తమ్ముడూ, ముందు ఎవరు లాగుతున్నారో చూడు" అన్నాను. పాత బీరువా మీద వేరే మెషీన్ల బ్యాకప్ మొదలైంది. క్లయింటు డ్యూటీ మేనేజరుకు ఫోన్ చేసి, అనుమతి తీసుకుని దాన్ని ఆపేసరికి మూడయింది. ఏడు కావస్తుండగా పని ముగిసింది.

అందరూ కాపీ గురించే భయపడతారు. నా భయం ఆ తర్వాతి సంగతికి. కాపీ అవ్వగానే సాఫ్ట్‌వేరు మనల్ని అడక్కుండానే పాత ఫైలు చెరిపేస్తుంది. అందుకే మొదలుపెట్టేముందు పాత అరేలో ఒక స్నాప్‌షాట్ తీసి ఉంచాం. ర్యాకు అద్దె దండగ, వచ్చేవారం పాత పెట్టె పంపించేద్దాం అని క్లయింటు తరఫు మేనేజరు అన్నాడు. రోజు గడిచేకొద్దీ ఆ స్నాప్‌షాట్ పాతబడుతుంది కదా, ఇంకెందుకు అన్నది ఆయన వాదం. మామూలు డేటాబేసుకైతే ఒప్పుకునేదాన్ని. కానీ 2014లో తీసిన స్కాను ఇవాళ మారదు. అది చెడిపోయి ఉంటే, ఏ డాక్టరో పాత గడ్డనూ కొత్త గడ్డనూ పోల్చడానికి తెరిచిన రోజే బయటపడుతుంది. 2016 అక్టోబరులో లండన్ కింగ్స్ కాలేజీలో స్టోరేజ్ కూలిపోయింది. బ్యాకప్‌లు ఉన్నాయనుకున్న చోట కూడా అన్నీ లేవని అప్పుడే తెలిసింది. ఆ కథ చెప్పి, నెల గడువు అడిగాను. మూడు వారాలిచ్చాడు.

ముందువారమే ప్రతి స్కాను ఫైలుకూ చెక్‌సమ్ తీసి జాబితా పెట్టుకున్నాం. ఇప్పుడు కొత్త డిస్కులో మళ్ళీ తీసి పోల్చాలి. పగలు డాక్టర్లకు అడ్డు రాకుండా, రాత్రిళ్ళు మాత్రమే నడిపితే పన్నెండు రాత్రులు పట్టింది. అప్పటికే సెంటర్ల నుంచి ఒక మెయిలు వచ్చింది, మార్పిడి ఎప్పుడు మొదలుపెడుతున్నారని అడుగుతూ. అయిపోయిందని రాశాను.

పన్నెండో రాత్రి చివర్లో ఏడు ఫైళ్ళు తేడా చూపించాయి. ఆ ఏడింటి కోసం స్నాప్‌షాట్ తెరిచి, పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చూశాం. బొమ్మలన్నీ ఒకటే. పేషెంటు పేర్లలో స్పెల్లింగులు మారాయి. ఎవరో రిసెప్షన్‌లో మార్పిడి తర్వాతి సోమవారం కూర్చుని సరిదిద్దారు, ఏడు పేర్లూ.

మేనేజరుకు సరేనని రాశాను. మర్నాడు పాత పెట్టెను పూర్తిగా చెరిపే కమాండ్ ఇచ్చే పని హైదరాబాదు తమ్ముడికి అప్పజెప్పాను. ఎంటర్ కొట్టేముందు ఫోన్ చేశాడు.

"అక్కా, గా ఏడు మల్లొకసారి చూద్దామా?"

చూశాం.