మెదడులోని వార్తాహరులు

కోనసీమయందలి పి.గన్నవరమున వైనతేయ గోదావరి మీదుగా ఒక కాలువ పారుచుండును. క్రింద నది, పైన కాలువ! పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఇంజనీర్లు 40 అడుగుల వెడల్పుగల కమానులను 49 కట్టి, వానిపై నీటిని ఆవలి యొడ్డునకు దాటించిరి. పిమ్మట ప్రక్కనే క్రొత్త అక్విడక్టు నిర్మింపబడినది. అన్నదానమునకు పేరుగన్న డొక్కా సీతమ్మగారి పేరు దానికి పెట్టిరి. నీరు దాటినంతకాలము ఆవలి పొలములు పచ్చగా నుండును. దాటు నీరు తగ్గినచో, ఈవలి కాలువ నిండుగా నున్నను ఆ చేలకు ప్రయోజనము లేదు.

మానవుని మెదడునందును ఇట్టి దాటుటయే అనుక్షణము జరుగుచున్నది. సుమారు 1,400 గ్రాముల బరువుగల మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణములు కలవు. ఒక కణమునకును మరియొక కణమునకును నడుమ కంటికి కానరాని సన్నని సందు ఉండును. వార్త కణము వెంబడి విద్యుత్తు రూపమున వచ్చి ఆ సందుకడ ఆగును. అప్పుడా కణము ఒక రసాయన ద్రవ్యమును విడుచును. అది సందును దాటి, ఎదుటి కణముపైగల గ్రాహకములను తాకి, వార్తను అందించును. పని తీరిన వెంటనే కొన్ని ద్రవ్యములు అచ్చటనే ఛేదింపబడును. మరికొన్నిటిని విడిచిన కణమే తిరిగి గ్రహించును. ఈ ద్రవ్యములకే నాడీవార్తాహరులని పేరు.

ఇట్టి వార్తాహరులున్న సంగతిని 1921లో ఆటో లోవీ అను శాస్త్రజ్ఞుడు ఋజువు చేసెను. ఆయన ఒక కప్పగుండెకు పోవు నాడిని ప్రేరేపింపగా దాని వేగము తగ్గెను. ఆ గుండెను తడిపియున్న ద్రవమును తీసి రెండవ గుండెకు అందింపగా, దాని వేగమును తగ్గెను! నాడి పంపిన ఆజ్ఞ ఆ ద్రవమున కలిసియున్నదన్నమాట. ఆ ద్రవ్యము అసిటైల్‌కోలిన్ అని తేలినది. లోవీకిని, హెన్రీ డేల్‌కును 1936లో నోబెల్ బహుమానము లభించినది. మెదడునందు ఈ అసిటైల్‌కోలినే ఏకాగ్రతకును, క్రొత్త విషయములను జ్ఞప్తియందుంచుకొనుటకును తోడ్పడుచున్నది.

ఈ వార్తాహరుడు తగ్గిననాడు ఏమగునో గన్నవరమున ఒక యింటివారికి అనుభవమునకు వచ్చినది. కాలువగట్టు చెంతనున్న ఆ యింట 75 ఏండ్ల వృద్ధురాలు ఉండెను. పనసపొట్టు కూర వండుటలో ఆమెకు ఆమెయే సాటి. క్రమముగా ఆమె కూరలో ఉప్పు రెండుమారులు వేయసాగెను. తాళపుచెవులు బియ్యపు డబ్బాలో దాచి, ఇల్లంతయు వెదకుచుండెను. ఒకనాటి సాయంకాలము మనుమని పిలిచి, "మీ నాన్న అమలాపురమునుండి వచ్చినాడా?" అని అడిగెను. తండ్రి వచ్చి అరుగుమీద కూర్చుండియే యున్నాడు. బాలుడు వచ్చినాడనెను. కొంత తడవునకు మరల అదే ప్రశ్న! నాలుగవమారు అతడు విసిగి, "ఇప్పుడేగదా చెప్పితిని మామ్మా! ఎన్నిసార్లు అడుగుదువు?" అని కసరెను. ఆమె చిన్నబోయి, చీరకొంగును మడతలు పెట్టుకొనుచు ఊరకుండెను.

ఇంటివారు మొదట అది చాదస్తమనిరి. పిదప వయసు అనిరి. కొన్ని నెలలకు వైద్యునికి చూపగా, ఆయన పరీక్షలన్నియు చేసి, ఇది అల్జీమర్స్ వ్యాధియని చెప్పెను. మనుమని దగ్గరకు పిలిచి, "బాబూ! నీ మాట మామ్మ వినకపోలేదు. విన్నది ఆమెకడ నిలుచుటలేదు. మొండితనమైతే కోపపడవచ్చును, జబ్బుపై కోపమెందుకు?" అనెను. ఆ రాత్రి ఆమె అదే ప్రశ్నను ఏడుమారులు అడిగెను. ఏడుమారులును బాలుడు, "వచ్చినాడు మామ్మా, భోజనమునకు కూర్చున్నాడు" అని బదులు చెప్పెను.

ఈ వ్యాధిని మొదట వర్ణించినవాడు జర్మనీ దేశపు వైద్యుడు అలోయిస్ అల్జీమర్. 51వ ఏట ఆసుపత్రిలో చేరిన ఆగుస్ట్ అను స్త్రీ 1906లో మరణింపగా, ఆయన ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించెను. కణముల వెలుపల పేరుకొన్న మచ్చలును, లోపల చిక్కుపడిన పోగులును కానవచ్చినవి. 1970 తరువాతి దశకమున బ్రిటన్ పరిశోధకులు మరణించిన రోగుల మెదళ్లను పరిశీలించి, అసిటైల్‌కోలినును తయారుచేయు ఎంజైము మిక్కిలి తగ్గియున్నదని కనుగొనిరి. కాని ఈ జ్ఞానమంతయు రోగి మరణించిన పిమ్మట లభించినదే. పుర్రెను తెరువక, జీవించియున్నవాని మెదడులోని మార్పును చూచుట యెట్లు?

ఈ ప్రశ్నకు పెట్ స్కాను సమాధానమైనది. రేడియోధార్మిక పరమాణువును కూర్చిన ఆనవాలు ద్రవ్యమును అత్యల్పముగా రక్తనాళములోనికి ఎక్కింతురు. అది మెదడును చేరి, తాను అంటుకొనవలసిన చోటనే అంటుకొనును. ఆ పరమాణువు పాజిట్రాన్ అను కణమును వెలువరించును. అది ఎలక్ట్రానును ఢీకొనగా రెండును నశించి, రెండు గామాకిరణములు ఎదురెదురు దిక్కులకు పోవును. తలచుట్టునున్న వలయాకారపు యంత్రము వానిని పట్టుకొనును. ఆ జంటలను లెక్కించి కంప్యూటరు చిత్రమును రూపొందించును. ఇందు వాడు కార్బన్-11 ఇరువది నిమిషములలో సగమగును. కావున దానిని దగ్గరలోనే తయారుచేసికొని, వెంటనే వాడవలెను. ఈ పరీక్ష ప్రతి ఊరి ఆసుపత్రిలోను సాధ్యము కాకుండుటకు ఇది యొక కారణము.

ఏ వార్తాహరుని వెదకవలెనో దానికి తగిన ఆనవాలును ఎన్నుకొందురు. అసిటైల్‌కోలినును ఛేదించు ఎంజైమును గుర్తించు ఆనవాలును వాడగా, రోగుల కణతల చెంతను, తల పైభాగమున వెనుకవైపునను గల పొరలలో ఆ ఎంజైము తగ్గియున్నట్లు కానవచ్చినది. సెరటోనిన్ మరియొక వార్తాహరుడు. నిద్రకును, మనస్స్థితికిని దానితో సంబంధము కలదు. మరపు స్వల్పముగానున్న వారిలోనే సెరటోనినును తిరిగి గ్రహించు వాహకములు తగ్గియున్నట్లు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రకటించిరి. ఇట్టి చిత్రములు ముఖ్యముగా పరిశోధనకే ఉపయోగపడుచున్నవి. సామాన్యముగా వైద్యులు రోగి చరిత్రను, జ్ఞాపక పరీక్షలను, మెదడు స్కానును బట్టియే నిర్ణయింతురు.

చిత్రము వ్యాధిని చూపును గాని మాన్పజాలదు. డోనెపెజిల్ వంటి మందులు అసిటైల్‌కోలినును ఛేదించు ఎంజైమును అడ్డగించి, ఉన్న కొంచెము ద్రవ్యము మరికొంతసేపు పనిచేయునట్లు చేయును. కొందరికి వీనివలన కొంత మేలు కలుగును. కాని కణముల నాశనము ఆగదు.

తెలుగుదేశమునుండియు ఈ విషయమున ఒక ముఖ్య పరిశోధన వెలువడినది. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థయందు డాక్టర్ సువర్ణ అల్లాడియు, సహచరులును 648 మంది మతిమరపు రోగుల వివరములను పరిశీలించి 2013లో ప్రకటించిరి. ఒకే భాష మాటలాడువారికంటె రెండు లేక అంతకుమించిన భాషలు మాటలాడువారికి వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా మొదలైనట్లు తేలినది. చదువురానివారిలోను ఈ భేదము కానవచ్చినది. తెలుగు, ఉర్దూ మాటలు కలిసి వినబడు ఆ నగర వీధులే వారికి పాఠశాలలైనవి కాబోలు! భాషలు వ్యాధిని రానీయవని దీని అర్థము కాదు. మెదడునకు నిత్యము పనిచెప్పుట మేలని పరిశోధకుల భావము. రక్తపోటును, మధుమేహమును అదుపులో నుంచుటయు, వినికిడి లోపమును సరిదిద్దుకొనుటయు మేలని వైద్యులు చెప్పుచున్నారు.

మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షలమంది మతిమరపు వ్యాధులతో బాధపడుచున్నారని 2023లో ప్రకటింపబడిన అంచనా. వారిలో అధికులు ఇండ్లలోనే, తమ వారి నడుమనే కాలము గడుపుచున్నారు. శాస్త్రజ్ఞుల కృషి ఫలించువరకు వారికి దిక్కు ఆ యింటివారే. తాతయో, మామ్మయో అడిగినదే అడుగునప్పుడు, వారికి ఆ ప్రశ్న ప్రతిమారును క్రొత్తదేయని గుర్తుంచుకొనవలెను. వారు మరచినదానిని గుర్తుంచుకొనగల శక్తి పిల్లలకు కలదు. దానిని విసుగునకు గాక సేవకు వినియోగించుట వారి ధర్మము.