కొండ తేనెకు సర్కారు గిరాకీ

అబిడ్స్ పేరులోనే ఓ దుకాణదారుడున్నాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబీద్ ఇక్కడ షాపు తెరిచాడు. ప్రభువు వాడకుండా పక్కన పడేసిన వస్తువుల్నే మళ్లీ ఆయనకు అమ్మేవాడని ఓ కథ కూడా ఉంది. నిజమో కాదో గానీ, పాలకుడే ఖాతాదారు అయితే కొట్టు ఎలా నడుస్తుందో ఈ వీధికి మొదటినుంచీ తెలుసు.

గన్‌ఫౌండ్రీలో ప్రభుత్వ హస్తకళల షోరూంలోకి వెళ్లి డోక్రా బొమ్మలు చూడండి. ఆదిలాబాద్ అడవుల్లో గోండుల కొలుపుల కోసం ఇత్తడి విగ్రహాలు పోసే ఓజాల పనితనమిది. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి కాలిస్తే మైనం కరిగిపోయి ఆ ఖాళీలోకి ఇత్తడి దిగుతుంది. అచ్చు పగలగొట్టాల్సిందే కాబట్టి ఒక అచ్చుకు ఒక్కటే బొమ్మ! 2018లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనేవాళ్లు మాత్రం ఒకటో రెండో తీసుకుని వెళ్లిపోతారు. వాటితో ఏడాది పొడవునా ఇల్లు గడవదు.

నాంపల్లి వైపు తిరిగితే గాంధీభవన్ పక్కనే ఎగ్జిబిషన్ గ్రౌండ్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో పుట్టిన నుమాయిష్ 1946లో ఇక్కడికి మారింది. గిరిజన సహకార సంస్థ స్టాల్లో తేనె, కుంకుడుకాయలు, శీకాయ దొరుకుతాయి. ఆ సంస్థ 1956లో విశాఖపట్నం కేంద్రంగా మొదలైంది. ఉప్పు ఇచ్చి చింతపండు పట్టుకుపోయే షావుకార్ల తూకాల నుంచి కొండవాళ్లను కాపాడాలన్నది ఉద్దేశం. 1979 రెగ్యులేషన్‌తో ఏజెన్సీలో అటవీ ఉత్పత్తులు కొనే గుత్తహక్కూ దానిదే అయింది. షావుకారు పోయాడు సరే... మిగిలింది ఒక్క కొనుగోలుదారే. ఆయన చెప్పిందే ధర! ఆ ఉత్పత్తుల మీద యాజమాన్యం గిరిజనులదేనని చట్టాలు చెప్పడానికి 1996, 2006 దాకా ఆగాల్సి వచ్చింది.

గిరిజన హాస్టళ్లకు సరుకులు, సబ్బులు కూడా ఈ సంస్థే సరఫరా చేస్తుంది. అంటే కొనేదీ సర్కారే, వాడేదీ సర్కారే. మధ్యలో గిరిజనుడు ముడిసరుకు తెచ్చేవాడిగానే ఉండిపోయాడు.

వాళ్లే యజమానులుగా అమ్మేందుకు దారి మరోటుంది. అది అబిడ్స్ జీపీఓకు, నాంపల్లి రైల్వేస్టేషన్‌కు సంబంధించినది. రెండూ కేంద్ర శాఖలవే. 2012లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం కేంద్ర శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 20 శాతం చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలి. తర్వాత దాన్ని 25 చేశారు. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీలు యజమానులైన సంస్థలకు. భాగస్వామ్యమైతే వాళ్ల వాటా కనీసం 51 శాతం ఉండాలి. టెండరు పత్రాలు ఉచితం, ధరావతు కట్టక్కర్లేదు. కెనడాలో ఇలాంటి పథకం 1996లోనే మొదలైంది, ఇప్పుడు అక్కడి లక్ష్యం 5 శాతం. ఆస్ట్రేలియా 2015లో అందుకుంది. అయితే మన నాలుగు శాతం దళితులకూ గిరిజనులకూ కలిపే. గిరిజనులకంటూ విడిగా లెక్క లేదు.

నుమాయిష్ ఏటా జనవరి 1న మొదలవుతుంది. తేనె సీసా కొంటే దాని మీద లేబుల్ ఓసారి చదవండి. సంస్థ పేరుంటుంది. చెట్టెక్కి పట్టు కోసినవాడి పేరు ఉండదు.