కాళంగి ఒడ్డున కార్బొరేటర్

మా అంబాసిడర్ మార్క్ త్రీ 1976లో రిజిస్టరైన బండి. గూడూరులో అభ్రకం వ్యాపారం చేసిన ఒక కుటుంబం కొనుక్కుంది. వాళ్ల దగ్గర నుంచి మా మేనమామకు, ఆయన నుంచి నాకు వచ్చింది. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, ఎస్‌యూ కార్బొరేటర్, డైనమో, స్టీరింగ్ పక్కన గేరు. ఈ ఏడాదితో 50 ఏళ్లు నిండుతాయి. కార్బొరేటర్ తీసేసి ఇంజెక్షన్ పెట్టించాలా, ఉన్నదాన్నే బాగుచేయించి ఉంచుకోవాలా అన్న మాట చాలాకాలంగా మా ఇంట్లో నలుగుతోంది. శివరాత్రి వెళ్లి చలి తగ్గాక నెల్లూరు నుంచి సూళ్లూరుపేటకు రెండు బండ్లలో బయలుదేరాం. ముందు మాది. వెనక మా బావది. అదీ అంబాసిడరే, కాకపోతే 1800 ఐసుజు ఇంజిన్‌ది, మల్టీపాయింట్ ఇంజెక్షన్ వచ్చాక కొన్నది. ఒకే రోడ్డు, ఒకే బంకు పెట్రోలు, ఒకే ఎండ. ఇంతకన్నా మంచి పరీక్ష ఏముంటుందని బావ పట్టుబట్టాడు. పులికాట్ సరస్సు మీద ఫ్లెమింగోలు ఇంకా ఉన్నాయేమో చూడాలన్న ఆశ నాది.

తెల్లవారుజామున చోక్ పూర్తిగా లాగి సెల్ఫ్ కొట్టాను. కాసేపు గునిసి ఇంజిన్ అందుకుంది. తర్వాత చోక్ సగానికి తోసి, వేడెక్కేదాకా ఆక్సిలేటర్ మీద కాలు ఆన్చి కూర్చోవాలి. బావ తాళం తిప్పగానే ఆయన బండి లేచింది. డిసెంబరులోనైనా మే నెలలోనైనా ఆయనకు అంతకుమించి పని లేదు.

ఈ తేడా ఎక్కడిదో చెప్పాలి. కార్బొరేటర్ పనికి కరెంటు అక్కర్లేదు. ఇంజిన్ పీల్చే గాలి ఇరుకు గొంతులోంచి పోయేటప్పుడు వేగం పెరిగి ఒత్తిడి పడిపోతుంది. ఆ లోటే జెట్‌లోంచి పెట్రోలును పైకి లాగుతుంది. ఎస్‌యూలో ఆ గొంతు కూడా కదులుతుంది. గాలి ఎంత వస్తే లోపలి పిస్టన్ అంత లేస్తుంది. దాని అడుగున ఉన్న కోసు సూది జెట్‌లోంచి పైకి జరిగేకొద్దీ పెట్రోలుకు దారి వెడల్పవుతుంది. ఇంగ్లండులో స్కిన్నర్ సోదరులు 20వ శతాబ్దం తొలి దశాబ్దంలో రూపొందించిన ఈ ఏర్పాటును చూసినప్పుడల్లా నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఒక సూది, ఒక పిస్టన్, పైన కొంచెం ఆయిలు, అంతే. బావ బండిలో అలా కాదు. కరెంటు పంపు పెట్రోలును సుమారు 3 బార్ల ఒత్తిడితో తోస్తుంది. మా బండి డయాఫ్రం పంపు ఒత్తిడి అందులో పదో వంతు కూడా ఉండదు. గాలి ఎంత వస్తోంది, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది అని సెన్సర్లు చెబుతుంటే, ఇంజెక్టర్‌ను ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో కంట్రోల్ యూనిట్ క్షణక్షణం లెక్కగడుతుంది.

ఇంజెక్షన్ నిన్నగాక మొన్న పుట్టింది కాదు. 1954 మెర్సిడెస్ 300 ఎస్ఎల్ కారు పెట్రోల్ ఇంజెక్షన్‌తోనే వచ్చింది. బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600కు ఎక్కింది. మన దేశంలో మటుకు 1999లో ఢిల్లీ కాలుష్యం మీద సుప్రీంకోర్టు కొరడా ఝళిపించాకే చాలా కార్లు కార్బొరేటర్ వదిలాయి. మారుతి 800 లాంటి బండి కూడా 2000 ప్రాంతంలో మారింది. అసలు మన పల్లె రోడ్లకు ఇంజెక్షన్ పాత చుట్టమే. డీజిల్ అంబాసిడర్లు, లారీలు మైకో కంపెనీ పంపులతో దశాబ్దాలుగా నడిచింది ఆ పద్ధతిలోనే.

మనుబోలు దాటేదాకా రెండు బండ్లూ హాయిగా సాగాయి. గూడూరు నిమ్మకాయల లారీలను దాటబోయినప్పుడు మా బండి తడబడింది. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర కాలు గట్టిగా వేస్తే ఒక్క జర్కు ఇచ్చి, ఊపిరి బిగబట్టి, తర్వాత అందుకుంటోంది. నాయుడుపేట దగ్గర స్వర్ణముఖి వంతెన ఎక్కేటప్పుడూ అంతే. టీ బంకు ముందు ఆగాక బావ తన వాదన మళ్లీ అందుకున్నాడు.

"ఇంకా ఎన్నాళ్లబ్బయా ఈ సూదీ పిస్టనూ? ఇంజెక్షన్ పెట్టించుకో, పదేళ్లు బానెట్ ఎత్తే పనుండదు."

దొరవారిసత్రం దగ్గర పక్కకు తిరిగి నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లాం. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు కిక్కిరిసి ఉన్నాయి. పిల్లలు ఎదిగిపోయి తల్లులంత అయ్యాయి. ఎండ నడినెత్తికొచ్చేదాకా అక్కడే ఉన్నాం. తిరిగొచ్చి సెల్ఫ్ కొడితే మా బండి లేవలేదు. పెట్రోల్ వాసన గుప్పుమంది.

పాత అంబాసిడర్ నడిపే ప్రతివాడికీ తెలిసిన జబ్బు ఇది. దీని మూలం కార్బొరేటర్‌లో లేదు, అది కూర్చున్న చోటులో ఉంది. బ్రిటన్ కంపెనీ బీఎంసీ రూపొందించిన ఈ ఇంజిన్‌లో గాలి లోపలికి పోయే దారి, పొగ బయటికి వచ్చే దారి రెండూ ఒకే పక్కన ఉంటాయి. అంటే కార్బొరేటర్ సరాసరి సైలెన్సర్ మానిఫోల్డ్ నెత్తిమీద కూర్చుంటుంది. నడిచేటప్పుడు గాలి తగిలి చల్లబడుతుంది. వేడి బండిని ఆపేస్తే ఆ సెగ అంతా కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ చాంబర్‌లోకి ఎక్కి, పెట్రోలు మరిగి ఇంజిన్‌లోకి పొంగుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు ఆవిరయ్యే గుణం ఇంకొంచెం ఎక్కువ. ఆక్సిలేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే పొంగిన పెట్రోలు గాలితో కొట్టుకుపోయి ఇంజిన్ అందుకుంటుంది. అందుకుంది కూడా. బావ బండి మాత్రం ఆ ఎండలోనూ తాళం తిప్పగానే లేచింది. ఒత్తిడిలో ఉన్న పెట్రోలు అంత తేలిగ్గా మరగదు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

సూళ్లూరుపేటలో కాళంగి నది వంతెనకు కొంచెం ఇవతల ఒక పాత మెకానిక్ షెడ్డుంది. చెంగాళమ్మ గుడికి వచ్చే కొత్త బండ్ల సందడంతా గుడి ముందు. ఇక్కడ మాత్రం జావా మోటార్‌సైకిలు, మెటడోర్ వ్యాను, ఇంజిన్ విప్పిన ఒక పద్మిని. షెడ్డు నడిపే పెద్దాయన మా బండి శబ్దం విని లేచొచ్చాడు. జర్కు సంగతి చెబితే కార్బొరేటర్ వైపు చూడనే లేదు. ముందు డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్ల సందు చూశాడు. రుద్ది, సందు సరిచేశాడు. తర్వాత ప్లగ్గులు విప్పాడు. బిస్కెట్ రంగులో ఉండాల్సిన మొనలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పెట్రోలు చాలడం లేదు. అప్పుడు పంపు నుంచి వచ్చే పైపు ఊడదీసి, వేలితో లోపల రుద్ది చూపించాడు. నల్లగా అంటుకుంది.

"కార్బేటర్ తప్పు కాదు సార్ ఇది. పైపు లోపల మసి మాదిరి రాలతా ఉండాది. ఇప్పుడొచ్చే పెట్రోలుకి పాత రబ్బరు నిలబడదు."

ఇప్పుడొచ్చే పెట్రోలంటే 20 శాతం ఇథనాల్ ఉన్నది. 2025 నుంచి దేశమంతటా బంకుల్లో దాదాపు అదే దొరుకుతోంది. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, ట్యాంకు గోడలకు ఏళ్లుగా పట్టిన జిగురును కరిగించి తెస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఉప్పుగాలి తేమ ఏడాది పొడుగునా ఉండే ఈ తీరంలో ఆ మూడోది చిన్న విషయం కాదు. ఇంకొకటి కూడా ఉంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది. మామూలు పెట్రోలు ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి సరిపోతే, ఈ మిశ్రమానికి లెక్కవేస్తే సుమారు 13.5 పాళ్లే కావాలి. 1976లో పాత పెట్రోలుకు కుదిర్చిన జెట్ ఇప్పుడు ఇంజిన్‌కు అరకడుపే పెడుతోందన్నమాట. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఇంజెక్షన్ బండి ఈ తేడాను కొంతమేర తనే సర్దుకుంటుంది. కార్బొరేటర్‌ను మనిషి సర్దాలి.

ఆ పెద్దాయన సర్దాడు. ఫ్లోట్ చాంబర్ విప్పి, నీడిల్ వాల్వులో ఇరుక్కున్న రబ్బరు నలుసులు ఊది తీశాడు. ఇథనాల్‌కు ఆగే కొత్త పైపు వేశాడు. ఎస్‌యూ నెత్తిన మూత తిప్పి చూస్తే పిస్టన్ మీద ఉండాల్సిన ఆయిలు అడుగంటింది. కాలు గట్టిగా వేసినప్పుడు పిస్టన్ ఒక్కసారిగా ఎగరకుండా ఆపేది ఆ ఆయిలే. అది ఎగిరితే గాలి ముందు దూరి మిశ్రమం పలచనవుతుంది. మా జర్కులో సగం అక్కడే ఉంది. పల్చటి ఆయిలు పోసి, జెట్ అడుగునున్న ఆరు పలకల నట్టును కొంచెం దింపాడు. ఇంజిన్ నడుస్తుండగా పిస్టన్‌ను పక్కనున్న చిన్న పిన్నుతో ఇసుమంత లేపి చెవి ఆన్చాడు. లేపగానే ఇంజిన్ పడిపోతే పెట్రోలు తక్కువ, జోరందుకుని అలాగే నిలబడితే ఎక్కువ, కాస్త లేచి మళ్లీ సర్దుకుంటే సరి. నట్టు ఇంకొంచెం దింపి, మళ్లీ లేపి, తల ఊపాడు. చేతిలో స్పానరు, స్క్రూడ్రైవరు తప్ప ఏమీ లేవు.

మరి ఇంజెక్షన్ పెట్టిస్తేనో అని బావ అడిగాడు. పెద్దాయన బానెట్ కింద ఒక్కొక్కటే చూపించుకుంటూ పోయాడు. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టాలి, ఎందుకంటే ఈ డైనమో మొత్తం ఇచ్చేదే 22 ఆంపియర్లు, ఐడిలింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. ట్యాంకులో ఒత్తిడి పంపు, వెనక్కి వచ్చే పైపు, సైలెన్సర్‌కు సెన్సర్, క్రాంకుకు పళ్ల చక్రం. అన్నిటికీ మించి ఈ ఇంజిన్ తలకాయకు గాలి పోయే రంధ్రాలు నాలుగు కాదు, రెండే. ఒక్కోదాన్ని రెండు సిలిండర్లు పంచుకుంటాయి. ఒకటి రెండోదాని వాటా లాగేసుకోకుండా ఇంజెక్టర్ కొట్టించడం తేలిక కాదు. ఇదే రంధ్రాల తీరున్న ఇంజిన్‌తో తిరిగిన మినీ కారుకు ఇంగ్లండులో రోవర్ కంపెనీ 1990లలో ఇంజెక్షన్ పెట్టింది. అది ఒక కంపెనీ ప్రయోగశాల చేసిన పని. బయట దొరికే కిట్లు ఎక్కువభాగం అమెరికన్ వీ-8 ఇంజిన్ల కొలతకు చేసినవి.

సాయంత్రం పులికాట్ రోడ్డెక్కాం. అటకానితిప్ప దాకా రెండు పక్కలా నీళ్లు, దూరంగా గులాబి గీతలా ఫ్లెమింగోలు. ఉన్నాయి, నా ఆశ తీరింది. మా బండి జర్కు లేకుండా ఒకే గొంతుతో పాడింది. ఆ రోడ్డు చివర శ్రీహరికోట దీవి, దాని మీద రాకెట్ కేంద్రం షార్. 1971 అక్టోబరు 9న తొలి రాకెట్ ఎగిరింది అక్కడి నుంచే. పీఎస్ఎల్‌వీ రెండో దశలోని వికాస్ ఇంజిన్‌లో ఇంధనాన్నీ ఆక్సిడైజర్‌నూ టర్బోపంపు తోసి ఇంజెక్టర్లోంచి కొడుతుంది. వాటి పాళ్లు తప్పకూడదు. ఇంజెక్షన్ ఖచ్చితత్వం మీద నాకెంత గౌరవముందో ఆ దీవి వైపు చూస్తే బావకు చెప్పడం సులువైంది. అయితే ఆ ఖచ్చితత్వం వెనక ప్రతి కనెక్టరునూ పరీక్షించే మనుషులున్నారు. మన బండి ఉప్పుగాలిలో ఆరుబయట నిలబడుతుంది.

బావ ఆ మాటకు ఎదురాడలేదు. ఆయనకూ ఒక రాత్రి గుర్తుంది. తడ దగ్గర నడుస్తున్న బండి హఠాత్తుగా చచ్చిపోయింది. క్రాంక్ సెన్సర్ కనెక్టరులో పచ్చని చిలుము పట్టింది, అంతకన్నా ఏమీ లేదు. ఆ సంగతి కనిపెట్టడానికి బండిని చెన్నై దాకా లాగించుకుపోవాల్సి వచ్చింది. మా బండికి నేలపట్టులో వచ్చిన జబ్బు రోడ్డు మీదే, ఒక కాలితో నయమైంది.

చట్టం కూడా చూసుకోవాలి. ఆర్‌సీలో రాసిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఇంజిన్ మొత్తం మార్చి ఐసుజు పెట్టిస్తే ముందస్తు అనుమతి తప్పదు. 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేసుకునే వీలు 2021 జూలై నుంచి ఉంది. ఫీజు 20,000 రూపాయలు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేయకుండా అసలు రూపం నిలుపుకున్న బండికే ఆ గౌరవం. అలా నమోదైన బండిని రోజువారీ తిరుగుడుకు వాడకూడదు, అది మరిచిపోవద్దు.

నా తీర్పు ఇది. కార్బొరేటర్‌తో పుట్టిన బండి, వారానికో నెలకో బయటికి తీసే బండి, ఈ తీరంలో కార్బొరేటర్‌తోనే ఉండాలి. రోజూ ఊళ్లో ఆఫీసుకు నడుపుతూ, చోక్ లాగే ఓపిక లేనివాళ్లకు బావ బండి లాంటి, ఇంజెక్షన్‌తోనే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అంబాసిడర్ మేలు. అలాంటివి అమ్మకానికి ఇప్పటికీ కనబడుతుంటాయి. 2014లో ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీ మూతపడ్డాక కొత్తవి రావు కాబట్టి ఉన్నవాటిని విప్పి కలగలపడం నాకు ఇష్టం లేదు.

పాత పెట్రోల్ బండి ఉన్నవాళ్లకు నా మనవి ఒక్కటే. ఇంజెక్షన్ కిట్టుకు డబ్బు కట్టేముందు పెట్రోల్ పైపులు, పంపు డయాఫ్రం ఇథనాల్‌కు ఆగేవి వేయించండి. కార్బొరేటర్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య సెగ తగలకుండా రేకు ఉందో లేదో చూడండి. పాయింట్లు, ప్లగ్గులు, ఎస్‌యూ అయితే పైనున్న ఆయిలు సరిచూడండి. బండిని నెలల తరబడి ఆపేటట్లయితే పెట్రోలు తీసేయండి. ఇంత చేశాక కూడా బండి దగ్గుతుంటేనే ఇంజెక్షన్ సంగతి ఆలోచించండి. అప్పుడైనా మొదటి బోల్టు విప్పేముందు మీ ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి.