కర్త, కర్మ, క్రియ



గత ఆదివారం ఇక్కడ ఏమీ రాయలేదు. హాస్టల్ పిల్లల వ్యాసాలు దిద్దుతూ కూర్చున్నాను. ఏప్రిల్ 14కి ప్రతి ఏడాదీ పెట్టే వ్యాసరచన పోటీయే. బాబాసాహెబ్ మీద పెడితే అందరూ అవే పది వాక్యాలు తిప్పి తిప్పి రాస్తున్నారని, ఈసారి అంశం మార్చాను. "ప్రపంచ చరిత్రలో నన్ను ఆలోచింపజేసిన నాయకుడు."

31 పేపర్లు వచ్చాయి. నెపోలియన్ మీద 12. అలెగ్జాండర్ మీద 6. లింకన్ మీద 5. మిగతావాళ్లు మండేలా, చర్చిల్, చెంఘిజ్ ఖాన్ దగ్గర ఆగారు. మనవాళ్లు బాగానే చదువుతున్నారు. తేదీలు తప్పు లేవు. యుద్ధాల పేర్లు వరసగా ఉన్నాయి. గ్రూప్స్ కోచింగ్ నోట్స్ నోటికొచ్చేశాయి.

ఒక చెల్లి లింకన్ మీద రాసింది. డిగ్రీ రెండో ఏడు. "1863లో లింకన్ బానిసలను విడిపించాడు" అని రాసి, దాని కింద ఇంకో వాక్యం రాసి గీత కొట్టేసింది. లైటు కింద పెట్టి చూస్తే కనిపించింది. "అప్పటిదాకా వాళ్లు ఊరికే ఉన్నారా?"

పిలిచి అడిగాను, ఎందుకు కొట్టేశావమ్మా అని.

"దిద్దేవాళ్లకి నచ్చదేమోనని, అన్నా. మార్కులు పోతాయి కదా."

దిద్దేవాడిని నేనే. అయినా భయపడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ వారం రాస్తున్నది ఆ గీత గురించే.

హైస్కూల్లో మన తెలుగు మాస్టార్లు చెప్పింది గుర్తు చేసుకోండి. పని చేసేవాడు కర్త. ఆ పని ఎవరి మీద పడుతుందో అది కర్మ. చేసిన పని క్రియ. ఆ 31 పేపర్లూ ముందేసుకుని వాక్యాల్లో కర్త ఎవరా అని చూశాను. రాజు, చక్రవర్తి, సేనాని, ప్రెసిడెంటు. వాళ్లు జయించారు, ఇచ్చారు, విడిపించారు, రద్దు చేశారు. చెరుకు నరికినవాళ్లు, ఓడలో గొలుసులతో వచ్చినవాళ్లు ఎక్కడైనా కనిపిస్తే కర్మ స్థానంలోనే. ఆ మాటని మన అమ్మమ్మలు ఏ అర్థంలో వాడతారో మీకు చెప్పక్కర్లేదు.

పిల్లల్ని అనే హక్కు నాకు లేదు. ఇంటర్లో నేనూ నెపోలియన్ మీదే రాశాను. మొదటి బహుమతి వచ్చింది, స్టీలు టిఫిన్ బాక్సు. మా అమ్మ చాలా ఏళ్లు కూలికి వెళ్లేటప్పుడు అందులోనే అన్నం పట్టుకెళ్లింది. ఆ వ్యాసంలో నేను గొప్పగా రాసుకున్న పాయింటు ఒకటి ఇప్పటికీ గుర్తుంది. "పుట్టుకను కాక ప్రతిభను గౌరవించడానికి లీజియన్ ఆఫ్ ఆనర్ స్థాపించాడు." ఈ 12 పేపర్లలో తొమ్మిదింటిలో అదే వాక్యం ఉంది. నోట్సు మారలేదు.

లీజియన్ ఆఫ్ ఆనర్ చట్టం వచ్చింది 1802 మే 19న. ఆ మర్నాడు, మే 20న, ఇంకో చట్టం వచ్చింది. ఇంగ్లండ్ చేతిలోంచి ఫ్రాన్సుకు తిరిగి వచ్చిన మార్టినీక్ లాంటి వలసల్లో బానిసత్వం 1789కి ముందు ఎలా ఉండేదో అలాగే సాగుతుంది, బానిసల వ్యాపారం కూడా సాగుతుంది అని. ఒకరోజు ప్రతిభకు పతకం. మర్నాడు పుట్టుకతోనే సంకెల. గ్వాడెలూప్ దీవిలోనైతే 1794లో స్వేచ్ఛ పొందిన మనుషుల్నే ఆ ఏడాది మళ్లీ బానిసలుగా మార్చారు. మెరిట్ గురించి మనకి పాఠాలు చెప్పేవాళ్లు మే 19 దగ్గర పుస్తకం మూసేస్తారు.

నాకు ఈ రెండో తేదీ డిగ్రీ అయిపోయాక తెలిసింది. ఉద్యమంలో ఒక పెద్దాయన సి.ఎల్.ఆర్. జేమ్స్ రాసిన 'ది బ్లాక్ జాకోబిన్స్' జిరాక్స్ ఇచ్చాడు. 1938 నాటి పుస్తకం. పక్కన డిక్షనరీ పెట్టుకుని నాలుగు నెలలు చదివాను. హైతీ అనే దేశం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

అప్పట్లో దాని పేరు సాన్ డొమాంగ్. కరీబియన్ సముద్రంలో ఫ్రాన్సు వలస. 1789 నాటికి అక్కడ దాదాపు 5 లక్షల మంది బానిసలు. యూరప్‌ వాడే పంచదారలో సుమారు 40 శాతం, కాఫీలో సగానికి పైగా అక్కడినుంచే వెళ్లేదని అంచనా. ఆ తోటల్లో పుట్టేవాళ్లకన్నా చచ్చేవాళ్లు ఎక్కువ. అందుకే ఆఫ్రికా నుంచి ఏటా వేలమందిని కొత్తగా దింపేవాళ్లు. పారిస్‌లో స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్నప్పుడు ఈ 5 లక్షల మందిని ఎవరూ లెక్కలో వేసుకోలేదు.

1791 ఆగస్టు చివరి వారంలో ఉత్తర మైదానంలో చెరుకు తోటలు తగలబడ్డాయి. ఎవరూ వాళ్లకి ఏమీ ఇవ్వకముందే వాళ్లు లేచారు. ఫ్రాన్సు పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేసింది 1794 ఫిబ్రవరి 4న, అంటే రెండున్నరేళ్ల తర్వాత. అప్పటికే ఆ దీవిలో ఫ్రాన్సు కమిషనర్ స్వేచ్ఛ ప్రకటించేశాడు. ప్రకటించకపోతే దీవి చెయ్యి జారిపోయే పరిస్థితి. మన నోట్సులో మాత్రం "1794లో ఫ్రాన్సు బానిసత్వాన్ని రద్దు చేసింది" అని ఉంటుంది. కర్త ఫ్రాన్సు.

ఆ పోరాటంలోంచే టూసాన్ లూవెర్చూర్ వచ్చాడు. బానిసగా పుట్టినవాడు. తర్వాత స్వేచ్ఛ పొందాడు. ఇంగ్లండ్, స్పెయిన్ సైన్యాల మీద గెలిచాడు. 1801లో రాజ్యాంగం రాయించి, ఈ నేల మీద బానిసత్వం ఎప్పటికీ ఉండదని అందులో పెట్టాడు. నెపోలియన్ దీన్ని సహించలేదు. బావమరిది లెక్లెర్క్‌ని పెద్ద సైన్యంతో పంపాడు. చర్చలకని పిలిచి టూసాన్‌ని పట్టుకున్నారు. ఫ్రాన్సులో జూరా కొండల మధ్య ఒక చలి కోటలో పెట్టారు. 1803 ఏప్రిల్ 7న అక్కడే చనిపోయాడు. ఫూలే జయంతికి నాలుగు రోజుల ముందు వచ్చే తేదీ. గుర్తు పెట్టుకోండి.

నాయకుడు పోతే కథ అయిపోవాలి కదా. అవలేదు. గ్వాడెలూప్‌లో మళ్లీ బానిసత్వం తెచ్చారన్న కబురు దీవికి చేరగానే తోటల్లో జనం మళ్లీ లేచారు. కొండల్లో ఉన్న నల్లవాళ్లని ఆడా మగా తేడా లేకుండా అంతం చేయాలి, 12 ఏళ్లలోపు పిల్లల్నే మిగల్చాలి అని లెక్లెర్క్ 1802 అక్టోబరులో నెపోలియన్‌కి ఉత్తరం రాశాడు. అదే నెలలో సానీత్ బెలేర్ అనే మహిళా సైనికాధికారిని చంపారు. లెక్లెర్క్ పచ్చజ్వరంతో పోయాడు. 1803 నవంబరు 18న వెర్తియేర్ దగ్గర ఫ్రెంచ్ సైన్యం ఓడిపోయింది. 1804 జనవరి 1న దెసలీన్ స్వాతంత్ర్యం ప్రకటించాడు. ఫ్రెంచివాళ్లు పెట్టిన పేరు తీసేసి, ఆ దీవి ఆదివాసుల మాట హైతీని దేశానికి పేరుగా పెట్టుకున్నారు. 1805 రాజ్యాంగంలో, ఒంటి రంగు ఏదైనా సరే, పౌరులందరినీ నల్లవాళ్లు అనే పిలవాలని రాశారు. తిట్టుగా వాడిన మాటే పౌరసత్వం అయింది. పేరు పక్కన మాల అని, మాదిగ అని తలెత్తి రాసుకున్నవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. "1803లో నెపోలియన్ లూసియానాని అమెరికాకి అమ్మేశాడు" అని నాలుగు పేపర్లలో ఉంది. యుద్ధానికి డబ్బు కావాలి, నిజమే. కానీ సాన్ డొమాంగ్ తోటలకి తిండిగింజలు, కలప పంపడానికి లూసియానా ఉపయోగపడాలన్నది అతని లెక్క. దీవే చేజారిపోతుంటే ఆ భూమి ఎందుకు? అమెరికా ఒక్క సంతకంతో దాదాపు రెట్టింపు అయిందంటే, ఆ సంతకం వెనక కొడవళ్లు పట్టుకున్న చెరుకు కూలీలు ఉన్నారు. వాక్యంలో వాళ్ల పేరు లేదు.

ఇక్కడితో ఆపితే నేనూ ఇంకో రకం నోట్సు ఇచ్చినట్టే. టూసాన్‌ని దేవుణ్ణి చేయొద్దు. స్వేచ్ఛ తెచ్చినవాడే కూలీలు తోటలు వదిలి వెళ్లకూడదని సైన్యాన్ని కాపలా పెట్టాడు. పంచదార ఎగుమతి లేకపోతే తుపాకులు కొనలేమని అతని వాదన. కూలీలు అడిగింది సొంత భూమి. 1801లో వాళ్లు తిరగబడితే, వాళ్లవైపు ఉన్నాడని తన సొంత మనిషిలాంటి సేనాని మొయీజ్‌నే కాల్పించాడు. 1804లో దెసలీన్ దీవిలో మిగిలిన ఫ్రెంచి తెల్లవాళ్లని, ఆడవాళ్లని పిల్లల్ని కూడా, చంపించాడు. ఇవి కూడా రాయాలి. మన నాయకుల తప్పులు మనం రాయకపోతే ఎదుటివాళ్లు రాస్తారు. వాళ్లు ఆ తప్పులొక్కటే రాస్తారు.

గెలిచినవాళ్లని ప్రపంచం ఏం చేసిందో కూడా చూడండి. 1825లో ఫ్రాన్సు రాజు యుద్ధనౌకలు పంపి, తోటలు పోగొట్టుకున్న యజమానులకి 15 కోట్ల ఫ్రాంకులు పరిహారం కట్టమన్నాడు. యజమానులు పోగొట్టుకున్న "ఆస్తి"లో ఆ మనుషులు కూడా ఉన్నారు. 1838లో మొత్తాన్ని 9 కోట్లకి తగ్గించారు. అది కట్టడానికి చేసిన అప్పులూ వడ్డీలూ తీరేసరికి 1947 వచ్చింది. మనకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు. "హైతీ ఎందుకంత పేద దేశం" అని అడిగేవాడికి ఈ రసీదు చూపించండి. మీకింత ఇచ్చాం, ఇంకా ఇలాగే ఉన్నారేంటి అని మనల్ని అడిగే గొంతు కూడా అలాంటిదే.

ఇది మనకి దూరం కథ అనుకోకండి. ఫూలే 1873లో 'గులాంగిరి'ని నీగ్రో బానిసత్వాన్ని రద్దు చేయడంలో పాటుపడ్డ అమెరికా ప్రజలకి అంకితం ఇచ్చాడు. బాబాసాహెబ్ 1946లో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కి ఉత్తరం రాసి, నల్లవాళ్ల తరఫున ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన పిటిషన్ కాపీలు అడిగాడు. వాళ్లు ప్రపంచ చరిత్రని మార్కుల కోసం చదవలేదు. తోడు వెతుక్కుంటూ చదివారు.

మళ్లీ ఆ చెల్లి దగ్గరికి వస్తాను. మొదటి బహుమతి ఆమెకి ఇవ్వలేదు. వ్యాసం అంత బాగా లేదు, ఆ మాట ఆమెకీ చెప్పాను. గీత కొట్టేసిన వాక్యంతో మొదలుపెట్టి మళ్లీ రాయమన్నాను. మొన్న రాత్రి వాట్సాప్‌లో ఆరు పేజీల ఫొటోలు పంపింది. 1838లో బానిసత్వం నుంచి పారిపోయిన ఫ్రెడరిక్ డగ్లస్, తాను తప్పించుకుని మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి జనాన్ని బయటికి తెచ్చిన హారియెట్ టబ్మన్, లింకన్ సైన్యంలో చేరి పోరాడిన దాదాపు 1,80,000 మంది నల్ల సైనికులు, అందరూ ఉన్నారు. లింకన్ కూడా ఉన్నాడు, నాలుగో పేజీలో.

కింద ఒక మెసేజ్. "పరీక్షలో ఇలా రాయొచ్చా అన్నా?"

చాలాసేపు ఏమీ టైప్ చేయలేదు. రెండు మార్కులు మన ఇళ్లలో ఎంత పెద్దవో నాకు తెలుసు. ఆ రెండు మార్కుల తేడాతో ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. మార్కులు పోతే పోనీ అనడం జీతం వస్తున్నవాడికి సులువు.

చివరికి ఇలా రాశాను. "అడిగిన జవాబు పూర్తిగా రాయి. లీజియన్ ఆఫ్ ఆనర్ రాయి, దాని పక్కన మే 20 కూడా రాయి. లింకన్ ప్రకటన రాయి, దాని పక్కన 1,80,000 రాయి. తేదీ, అంకె వేసి రాసిన నిజాన్ని కొట్టేయడం ఎవరికైనా కష్టం. అయినా ఎవరైనా కొట్టేస్తే, ఆ గీత వాళ్లది. నీ వాక్యం మీద నువ్వు మాత్రం గీత కొట్టకు."

రెండు టిక్కులు నీలం అయ్యాయి. "సరే అన్నా" అంది.

ఆ 31 పేపర్లూ నా దగ్గరే ఉన్నాయి. వచ్చే ఆదివారం హాస్టల్లో అందరం కూర్చుని మళ్లీ చదువుదాం. పెన్సిళ్లు తెచ్చుకోండి. ప్రతి వాక్యంలో కర్త కింద గీత గీద్దాం.

జై భీమ్.