అమ్ముగూడ బంతి... రోమ్ దాకా!

ఊరు చిన్నది. ఆట చెప్పుల్లేని కాళ్లది. అక్కడి పిల్లాడొకడు రెండుసార్లు ఒలింపిక్స్‌లో ఆడాడు. ఆసియా బంగారు పతకం తెచ్చాడు. సికింద్రాబాద్ శివార్లలోని ఆ ఊరి కథ... భద్రాచలం అడవి అంచున ఉన్న చర్ల లాంటి ఊళ్లకూ అక్కరకొచ్చే కథే!

సాయంత్రం ఐదు దాటితే చాలు... చర్ల వైపు ఊళ్లలో కుర్రాళ్లు ఇళ్లలో ఉండరు. భద్రాచలం నుంచి గోదావరి ఒడ్డు వెంట, దుమ్ముగూడెం మీదుగా సుమారు 60 కిలోమీటర్లు వస్తే చర్ల. ఓ పక్క గోదావరి, మరో పక్క ఛత్తీస్‌గఢ్ అడవి. ఆ అడవిలోంచే తాలిపేరు వాగు దిగి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఇక్కడ సాయంత్రపు ఆటంటే ముందు వాలీబాల్, ఆ తర్వాత కబడ్డీ. రెండు గుంజలు, ఓ నెట్టు, ఓ బంతి ఉంటే పొద్దుగూకే దాకా సందడే. ఫుట్‌బాల్‌కు ఆ నెట్టు కూడా అక్కర్లేదు. బంతి ఒక్కటి చాలు. గోల్ పోస్టులకు రెండు రాళ్లు పెట్టుకున్నా సరిపోతుంది. అయినా మన పల్లెల్లో ఆ ఆట ఎందుకు వేళ్లూనుకోలేదు? ఒకప్పుడు వేళ్లూనుకున్న చోట ఏమేం కలిసొచ్చాయి?

జవాబు వెతకాలంటే కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్లో రాత్రి రైలెక్కాలి. తెల్లవారేసరికి సికింద్రాబాద్. అక్కణ్నుంచి మేడ్చల్ వైపు వెళ్లే లోకల్ రైలు పట్టుకుంటే మల్కాజ్‌గిరి, దయానంద్ నగర్, సఫిల్‌గూడ, రామకృష్ణాపురం దాటాక వచ్చే చిన్న స్టేషన్... అమ్ముగూడ. ఆ తర్వాతి స్టేషన్ పేరు కావల్రీ బ్యారక్స్. ఆ పేరులోనే ఈ ప్రాంతం చరిత్ర అంతా ఉంది.

పటాలం నేర్పిన ఆట
నిజాంకూ ఈస్టిండియా కంపెనీకీ 1798లో ఒప్పందం కుదిరింది. దాంతో హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన తెల్లవాళ్ల పటాలం గుడారాలు వేసింది. 1806లో ఆ బస్తీకి సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది. పటాలంతోపాటే బారకాసులు వచ్చాయి, కవాతు మైదానాలు వచ్చాయి. ఆ మైదానాల్లోకి ఫుట్‌బాల్ కూడా వచ్చింది. సిపాయిలు ఆడుతుంటే చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు గట్టు మీద నిలబడి చూసేవారు. బంతి దాటొస్తే పరిగెత్తి తన్నేవారు. ఆటలో పాఠాలు అలా మొదలయ్యాయి.

కంటోన్మెంట్‌ను ఆనుకుని ఉన్న అలాంటి ఊరే అమ్ముగూడ. తులసీదాస్ బలరాం 1936 అక్టోబరు 4న అక్కడే పుట్టాడు. తల్లి ముత్తమ్మ, తండ్రి తులసీదాస్ కాళిదాస్. తమిళ మూలాలున్న కుటుంబం. ఇంట్లో డబ్బుకు కటకటే. అయితే బంతి తన్నడానికి డబ్బుతో పనేముంది? ఊళ్లో మొదలైన ఆట అతణ్ని సికింద్రాబాద్‌లోని ఆర్మీ కంబాట్ ఫోర్స్ క్లబ్బు దాకా, తర్వాత హైదరాబాద్‌లోని రైడర్స్ క్లబ్బు దాకా తీసుకెళ్లింది. అవేమీ జీతాలిచ్చే క్లబ్బులు కావు. ఆట మీద ఇష్టం ఉన్నవాళ్లు కూడి ఆడుకునే జట్లు. నేటి మాటల్లో చెప్పాలంటే పక్కా అమెచ్యూర్లు!

రెండు రూపాయల బూట్లు
ఆ రోజుల్లో చెప్పుల్లేకుండా ఫుట్‌బాల్ ఆడటం వింతేం కాదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద భారత ఆటగాళ్లలో ఎక్కువమంది వట్టి కాళ్లతోనే ఆడారు. 1-2తో ఓడినా చూసినవాళ్లంతా శభాష్ అన్నారు. 1952 హెల్సింకిలో మాత్రం చలిలో, తడి నేల మీద యుగోస్లేవియా చేతిలో 1-10తో చిత్తయ్యారు. ఆ దెబ్బతో మన దేశంలోనూ బూట్లు తప్పనిసరి అయ్యాయి.

నిబంధన పెట్టడం తేలికే. అమ్ముగూడ కుర్రాడికి బూట్లెక్కడివి? పోలీసులు వాడి పారేసిన పాత బూట్ల తోలు సంపాదించి, చెప్పులు కుట్టే అతని దగ్గర రెండు రూపాయలిచ్చి ఫుట్‌బాల్ బూట్లు కుట్టించుకున్నాడు బలరాం. తన మొదటి జత అదేనని తర్వాతి రోజుల్లో చెప్పుకొన్నాడు. రెండు రూపాయలంటే ఆ ఇంటికి చిన్న మొత్తమేం కాదు మరి!

సైకిల్ అద్దె ఇచ్చిన మాస్టారు
బలరాం ఆటను పట్టుకున్న కళ్లు సయ్యద్ అబ్దుల్ రహీంవి. 1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ మిడిల్ స్కూల్లోనూ చాదర్‌ఘాట్ హైస్కూల్లోనూ పాఠాలు చెప్పారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యత తీసుకున్నారు. ఆ ఏడాదే ఆ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌నైతే 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు ఇంకెవరికీ ఇవ్వలేదు!

రహీం పద్ధతులు కొత్తగా ఉండేవి. కుర్రాళ్లకు చిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో అలవాటు లేని కాలితోనే బంతిని తన్నాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ నిషిద్ధం... బంతి రాగానే పక్కవాడికి అందించాల్సిందే. దాంతో రెండు కాళ్లూ సమానంగా పనిచేసేవి. ఒక్కడే బంతి పట్టుకుని ఊరేగే అలవాటు పోయి పదకొండు మందీ కలిసి ఆడేవారు. ఖరీదైన సామగ్రి అక్కర్లేని శిక్షణ అది. ఏ పల్లె బడిలోనైనా రేపే మొదలెట్టొచ్చు.

రైడర్స్ క్లబ్బు తరఫున ఆడుతున్న బలరాంను చూసి రహీం శిక్షణ శిబిరానికి రమ్మన్నారు. చిక్కల్లా ఒక్కటే. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ వెళ్లి రావడానికి ఆ కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు. ఆ సంగతి తెలిసిన రహీం సైకిల్ అద్దెకు సరిపడా తన జేబులోంచే ఇచ్చారట. ఆ సాయాన్ని బలరాం చివరి దాకా తలచుకుంటూనే ఉన్నాడు. ఆ అద్దె డబ్బులు లేకుంటే ఓ ఒలింపియన్ అమ్ముగూడ గట్టు దగ్గరే ఆగిపోయేవాడేమో!

మెల్‌బోర్న్... రోమ్... జకార్తా
ఆ తర్వాతంతా పరుగే. 1956-57లో హైదరాబాద్ జట్టు బొంబాయిని ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. మరుసటి ఏడూ అదే ఫలితం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో హైదరాబాద్ ఆటగాళ్లు చాలామందే ఉన్నారు... పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్... వాళ్లతోపాటు ఇరవై ఏళ్ల బలరాం. ఆతిథ్య ఆస్ట్రేలియాను మనవాళ్లు 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. ఆ మ్యాచ్‌లో బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. చివరికి దక్కింది నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకు మించి ఎప్పుడూ వెళ్లలేదు.

1957లో బలరాం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు. 1961లో అతని కెప్టెన్సీలోనే ఆ క్లబ్బు కలకత్తా లీగ్ గెలిచింది. ఐఎఫ్ఏ షీల్డ్‌ను మోహన్ బగాన్‌తో పంచుకుంది. పీకే బెనర్జీ, చున్నీ గోస్వామి, బలరాం... ఈ ముగ్గుర్నీ అభిమానులు భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులన్నారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనకు కఠినమైన గ్రూపు పడింది. హంగరీ చేతిలో 1-2తో ఓడాం. ఫ్రాన్స్‌తో 1-1తో సమంగా నిలిచాం. పెరూ చేతిలో 1-3తో ఓడాం. మొత్తం మనం కొట్టినవి మూడు గోల్స్. ఫ్రాన్స్ మీద కొట్టింది పీకే. మిగతా రెండూ, అంటే హంగరీ మీదా పెరూ మీదా కొట్టినవి, అమ్ముగూడ కుర్రాడివి!

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. కోచ్ రహీం అప్పటికే క్యాన్సర్‌తో పోరాడుతున్నారు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. అయినా జట్టు కుంగిపోలేదు. థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను గెలిచి, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను దాటి ఫైనల్ చేరింది. సెప్టెంబరు 4న మళ్లీ ఎదురొచ్చింది దక్షిణ కొరియానే. స్టేడియం నిండా ఉన్న ప్రేక్షకులు మనవాళ్లను గేలి చేస్తున్నారు. అయినా పీకే ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. 2-1తో బంగారు పతకం మనదే. ఆ ఏడాదే బలరాంకు అర్జున అవార్డు వచ్చింది.

గాలి తీసిన బంతిలా...
సంబరం ఎంతోకాలం నిలవలేదు. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. అదే ఏడాది బలరాం ఊపిరితిత్తుల జబ్బు పాలై, 27 ఏళ్లకే ఆట మానాల్సి వచ్చింది. తర్వాత హుగ్లీ నది ఒడ్డున ఉత్తర్‌పాడాలో స్థిరపడ్డాడు. త్రిమూర్తుల్లో మిగతా ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, అతనికి మాత్రం రాలేదు. 2023 ఫిబ్రవరి 16న, 86 ఏళ్ల వయసులో కోల్‌కతాలో కన్నుమూశాడు. ఆ మరుసటి ఏడాది రహీం జీవితం ఆధారంగా 'మైదాన్' హిందీ సినిమా వచ్చింది. తెర మీద రహీంగా అజయ్ దేవగణ్‌ను చూశాకే మన కుర్రాళ్లలో చాలామందికి ఆ పేరు తెలిసింది.

హైదరాబాద్ ఫుట్‌బాల్ ఒక్కరోజులో పోలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్ హైదరాబాదీ నయీముద్దీనే. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ ఆ తర్వాత పేరు నిలిపారు. కానీ మంచి ఆటగాళ్లు కలకత్తా బాట పట్టారు. ఆటతో వచ్చే ఉద్యోగాలు తగ్గాయి. క్రికెట్ మోజు పెరిగింది. ఊళ్లు కాలనీలయ్యాయి, ఖాళీ జాగాలు ప్లాట్లయ్యాయి. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ టైటిల్ గెలిచి ఆశలు రేపింది. 2025లో ఆ జట్టు కూడా ఢిల్లీకి తరలిపోయింది. డబ్బు పెట్టి కొన్న జట్టు ఊరు మారొచ్చు. మట్టిలోంచి మొలిచిన ఆట మాత్రం మట్టి ఉన్నంతకాలం ఉంటుంది... ఆ మట్టిని కాపాడుకుంటే!

మూడు ఉంటే చాలు
ఇప్పుడు అమ్ముగూడ చుట్టూ సైనిక్‌పురి, యాప్రాల్ లాంటి కాలనీలు విస్తరించాయి. రైలు దిగినవారికి అదో పల్లె అంటే నమ్మబుద్ధి కాదు. కానీ బలరాం కథను విడదీసి చూస్తే మూడే మూడు విషయాలు కనిపిస్తాయి. ఒకటి... ఎవరూ కాదనని ఖాళీ నేల. రెండు... ఆటను గుర్తించే ఓ మాస్టారు. మూడు... అక్కడి దాకా వెళ్లడానికి దారి ఖర్చు.

ఈ మూడూ కుదిరితే ఇవాళైనా ఫలితం వస్తుంది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్యే అందుకు సాక్ష్యం. ఆమె భారత మహిళల జట్టుకు ఆడింది. క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బు దాకా వెళ్లింది. ఇక భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిష క్రికెట్లో ఏం చేసిందో దేశమంతా చూసింది. 2025 అండర్-19 మహిళల ప్రపంచకప్‌లో ఆమే ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్. అయితే శిక్షణ కోసం ఆ కుటుంబం భద్రాచలం విడిచి సికింద్రాబాద్ రావాల్సి వచ్చింది.

అడవి అంచు ఊళ్ల అసలు సమస్య ఇదే. వాగులు దాటి బడికి నడిచే కోయ పిల్లల కాళ్లలో బలానికి కొదవ లేదు. ఊరి పక్క ఖాళీ నేలకూ ఇంకా అంత కరవు రాలేదు. ఆటను చూసే కళ్లు దగ్గర్లో ఉండాలి. చర్ల నుంచి భద్రాచలానికి 60 కిలోమీటర్లు, హైదరాబాద్‌కు 350 కిలోమీటర్ల పైనే. అన్ని కుటుంబాలూ ఊరు విడిచి వెళ్లలేవు. అందుకే మాస్టారే ఊరికి రావాలి. రాలేకపోతే కనీసం బస్సు చార్జీ అయినా రావాలి. అమ్ముగూడ విషయంలో ఆ పని ఒక బడిపంతులు చేశారు. అదీ సొంత జేబులోంచి!

పొద్దు గూకుతుంటే చర్ల వైపు మైదానాల్లో బంతి ఇంకా ఎగురుతూనే ఉంటుంది. గట్టు మీద నిలబడి చూసే చిన్న పిల్లల్లో ఎవరి కాళ్లలో ఏముందో ఎవరికి తెలుసు? తెలుసుకోవాలంటే ఎవరో ఒకరు సాయంత్రం పూట ఆగి చూడాలి. సైకిల్ అద్దెకు నాలుగు డబ్బులు జేబులో పెట్టుకుని మరీ!