మందుల పెట్టె కోసం



ఇంటర్ చదువుతున్న మా మేనకోడలు మొన్న ఇంటికొచ్చింది. డాక్టరు కావాలని దాని కోరిక. మాటల మధ్య సైనిక వైద్యుడు కెప్టెన్ అంశుమాన్ సింగ్ సంగతి చెప్పాను. అంతా విని, "మనుషుల్ని బయటికి తెచ్చేశారు కదా మామయ్యా, మందుల కోసం మళ్ళీ మంటల్లోకి ఎందుకెళ్ళారు?" అంది. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే ఈసారి ఉత్తరం ఆయన గురించే.

అంశుమాన్‌ది ఉత్తరప్రదేశ్‌లోని దేవరియా. పుణెలోని సైనిక వైద్య కళాశాలలో చదివి, 26వ పంజాబ్ బెటాలియన్ తరఫున సియాచిన్ మంచుకొండల్లో వైద్యాధికారిగా పనిచేశారు. పెళ్ళయి ఐదు నెలలు. 2023 జూలై 19న, ఇంకా తెల్లవారకముందే, అక్కడ మందుగుండు నిల్వ చేసిన చోట నిప్పంటుకుంది. ఫైబర్ గుడిసె ఒకదాన్ని పొగ కమ్మేసింది. లోపల చిక్కుకున్న నలుగురైదుగురిని ఆయన బయటికి తెచ్చారు. అంతలో మంట వైద్య శిబిరానికి పాకింది. లోపల ప్రాణాధార మందులున్నాయి. వాటికోసం వెళ్ళారు. గాలి విసురుకు శిబిరమంతా అంటుకుంది. ఇక ఆయన బయటికి రాలేకపోయారు.

మంచుకొండ మీద మంట ఆరిపోదా అనిపిస్తుంది మనకు. ఎలా ఆరుతుంది? తాగడానికి గుక్కెడు నీళ్ళు కావాలన్నా మంచు కరిగించుకోవాల్సిన చోటు అది. నాలుగడుగులు పరుగెత్తితే ఊపిరందదు. ఫైరింజను వచ్చే దారే లేదు.

ఇక మా మేనకోడలి ప్రశ్న. మన ఊళ్ళో మందు అయిపోతే వీధి చివర దుకాణం ఉంది. సియాచిన్‌లో పై శిబిరాలకు మందు గోలీ చేరాలంటే హెలికాప్టరు ఎగరాలి, అది ఎగరడానికి వాతావరణం కరుణించాలి. ఆ ఎత్తులో నిన్నటిదాకా బాగున్న జవానుకు కూడా ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అప్పుడు వేళకు మందు పడకపోతే గంటల్లో ప్రాణం పోవచ్చు. పొగలోంచి తెచ్చినవాళ్ళకు మొదట కావలసిందీ వైద్యమే. బయటికి తేవడంతో తన పని అయిపోయిందని ఆ డాక్టరు అనుకోలేదు. నా దృష్టిలో, రెండోసారి లోపలికి వెళ్ళింది కూడా మనుషుల కోసమే.

ఇదంతా చెబితే ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు.

2024 జూలై 5న రాష్ట్రపతి భవన్‌లో ఆయన కీర్తిచక్రను భార్య, తల్లి అందుకున్నారు. శాంతికాలపు శౌర్య పురస్కారాల్లో అశోకచక్ర తర్వాతిది అదే.

మీ ఊళ్ళోనూ సైన్యంలో డాక్టర్లుగా, నర్సులుగా చేసి వచ్చినవాళ్ళు ఉండే ఉంటారు. ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి వాళ్ళ అనుభవాలు అడగండి. వాళ్ళు చెప్పింది మాకు రాసి పంపండి. ఎదురుచూస్తుంటాను.

మీ
సంపాదకుడు